పేజీ కాష్ నుండి ఒక్క ఫైలును తొలగించుట: చారిత్రక పరిశీలన

కచేరీలోని గుమాస్తా బీరువానుండి తీసిన దస్త్రమును పని ముగిసిన వెంటనే లోపల పెట్టడు. మరల ఎవరైన అడుగుదురేమోయని బల్లమీదనే ఉంచుకొనును. బల్ల నిండిన పిమ్మట, చాలకాలముగ ఎవరును అడుగనివి బీరువాకు పోవును. కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్ చేయు పనియు ఇట్టిదే. డిస్కునుండి ఒకమారు చదివిన ఫైలు భాగములను మెమొరీలో నిలిపియుంచు ఏర్పాటునకు పేజీ కాష్ అని పేరు. భేద మొక్కటి కలదు: మెమొరీలో నుండునది నకలు మాత్రమే, అసలు ప్రతి డిస్కులోనే యుండును.

1969లో బెల్ లేబొరేటరీలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు ప్రారంభించిన యూనిక్స్‌లో తొలినాళ్లనుండియు ఇట్టి కాష్ కలదు. అది మిక్కిలి చిన్నది. ఏది ఉండవలెనో, ఏది పోవలెనో నిర్ణయించునది కెర్నెల్ మాత్రమే. 1988లో వెలువడిన సన్ఓఎస్ 4.0 ఫైళ్ల పేజీలను, ప్రోగ్రాముల పేజీలను ఒక్క మెమొరీలోనే కలిపి నిర్వహించెను. 1991లో పుట్టిన లినక్స్ 2001నాటి 2.4 రూపమున బఫర్ కాష్‌ను పేజీ కాష్‌తో కలిపివేసెను. ఖాళీగానున్న మెమొరీయంతయు కాష్‌కు దొరుకుచుండగా, ఒక పెద్ద ఫైలు తక్కినవారి పేజీలను వెడలగొట్టు అవకాశమును పెరిగినది.

తొలగింపవలసిన అవసరములు ముఖ్యముగ రెండు. ఒక్కసారి మాత్రమే చదువబడు బ్యాకప్ ఫైలు మెమొరీని ఆక్రమింపరాదు. డిస్కు వేగమును కొలుచునపుడు రెండవమారు చదివినది మెమొరీనుండి వచ్చి, లేని వేగమును చూపరాదు. పూర్వము ఇందుకొరకు యంత్రమును ఆపి తిరిగి నడుపుట, ఫైల్ సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేయుట వంటివి చేయుచుండిరి. 2006 మార్చిలో లినక్స్ 2.6.16తో డ్రాప్ కాషెస్ అను సాధనము వచ్చెను. దానిలో 1 అని వ్రాసినచో పేజీ కాష్, 2 అని వ్రాసినచో డైరెక్టరీ, ఐనోడ్ వివరముల కాష్, 3 అని వ్రాసినచో రెండును ఖాళీయగును. రూట్ అధికారము గలవాడే దీనిని వాడవలెను. ఒక దస్త్రము కొరకు కచేరీలోని బల్లలన్నిటిని ఊడ్చినట్లున్నది ఈ పద్ధతి! ఇరుగుపొరుగు ప్రోగ్రాములన్నియు ఆ తరువాత కొంతసేపు డిస్కుకొరకు వేచియుండవలసినదే.

విచిత్రమేమన, ఒక్క ఫైలునకు సరిపడు మార్గము అంతకుముందే కలదు. 2001నాటి పోసిక్స్ ప్రమాణమున పోసిక్స్ ఫ్యాడ్వైజ్ అను పిలుపు చేరినది. 2003 చివర వెలువడిన లినక్స్ 2.6లో అది లభించెను. ఫైలును తెరచి, “డోంట్ నీడ్” అను సూచన నిచ్చినచో కెర్నెల్ ఆ ఫైలు పేజీలను మాత్రమే వదలును. రూట్ అధికార మక్కరలేదు. గ్నూ సంస్థవారి డీడీ ఆజ్ఞకు 2011లో చేర్చబడిన నోకాష్ గుర్తు ఈ పిలుపునే వాడును. వీఎం‌టచ్ అను చిన్న సాధనమును అంతే.

అయినను ఇది సలహాయే గాని శాసనము కాదు. నకలులో మార్పు జరిగి డిస్కునకు ఇంకను చేరని పేజీలను కెర్నెల్ పారవేయదు. కనుక ముందుగా ఎఫ్‌సింక్ చేయవలెను. నడుచుచున్న ప్రోగ్రాము తన మెమొరీలోనికి మ్యాప్ చేసికొన్న పేజీలును కదలవు. కోరిన హద్దు పేజీ నడుమ పడినచో ఆ పేజీ మిగిలిపోవును. తెలుగు ఫైళ్లలో ఈ హద్దు సులభముగ తప్పును. పేజీ సాధారణముగ 4096 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేత మొక్కొక్కటి 3 బైట్లు. పేజీలో 1365 సంకేతములు పట్టి ఒక బైటు మిగులును. తరువాతి సంకేతమునకు తల ఈ పేజీలో, మొండెము వేరొక పేజీలో! అక్షరముల లెక్కతో హద్దు నిర్ణయించుకొనువాడు మోసపోవును. పొడవు సున్నయని చెప్పినచో ఫైలు చివరివరకును వర్తించును గావున అదియే మేలు.

పేజీలు నిజముగ పోయినవో లేదో చూచుటకు మిన్‌కోర్ అను పిలుపు ఉపయోగపడుచుండెను. 2019 జనవరిలో కొందరు పరిశోధకులు దీనిలోని అపాయమును వెల్లడించిరి: ఏ పేజీ కాష్‌లో నున్నదో తెలిసినచో, పరుల ప్రోగ్రాము ఏమి చేయుచున్నదో కనిపెట్టవచ్చును. ఆ సంవత్సరమే లినక్స్ 5.2 మిన్‌కోర్‌కు కట్టుబాటు విధించెను. తనది కాని, తాను వ్రాయజాలని ఫైలు సంగతి అడిగినవానికి అది నిజము చెప్పదు. అట్టివాడు చదువుటకు పట్టిన కాలమును బట్టి ఊహింపవచ్చును. ఆ చదువుటతోనే ఫైలు మరల కాష్‌లోనికి వచ్చి కూర్చుండును.