ఫరాంసు యానాం - మా అత్తమ్మ పెళ్ళి



వరంగల్లులో కూచుని యానాం సంగతులు నువ్వేం చెప్తావమ్మా అని మా ఇంట్లోనే అడిగారు. నిజమే మరి. నేను పుట్టిందీ చదివిందీ మెట్టిందీ అన్నీ హనుమకొండలోనే, వేయిస్తంభాల గుడికి కూతవేటు దూరంలో. కాకపోతే మా అత్తగారి వాళ్ళది గోదావరి జిల్లా. మామగారు ఉద్యోగరీత్యా ఇటొచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. అందుకని మా వంటింట్లో సంక్రాంతికి సకినాలూ వేగుతాయి, ఆవపెట్టిన పనసపొట్టు కూరా తయారవుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఆవ ఘాటుకి నాకు కళ్ళనీళ్ళు వస్తే, కోడలు ఏడుస్తోందని మామగారు కంగారుపడ్డారు కూడాను.

అసలు యానాం మనకి అంత దూరపుదేం కాదు. మంగపేట, ఏటూరునాగారం దగ్గర మన అడవుల్ని ఒరుసుకుని పోయే గోదావరే భద్రాచలం దాటి, పాపికొండల మధ్య నలిగి, ధవళేశ్వరం ఆనకట్ట దిగి పాయలు పాయలుగా విడిపోతుంది. అందులో గౌతమి పాయ ఒడ్డునే, కోరంగి పాయ దాన్నుంచి చీలే చోట ఉంది యానాం. అంతా కలిపి 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో 55 వేల చిల్లర జనం. చుట్టూ ఆంధ్ర దేశం, మధ్యలో ఈ చిన్న ముక్క మాత్రం ఎక్కడో వందల కిలోమీటర్ల దూరాన ఉన్న పుదుచ్చేరి కింద. ఇదేం చిత్రమో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఫ్రెంచివాళ్ళు యానాంలో మొదట కొట్టు పెట్టింది 1723లో. వచ్చింది గుడ్డ కోసం. సముద్రం మీద వచ్చే వర్తకులకి మన కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లోనే మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు, మన వాళ్ళు నేసిన సన్నబట్ట పేరు అప్పటికే దేశాంతరాలకి పాకింది. యానాం పక్కనే ఇంజరంలో, నీలపల్లిలో ఇంగ్లీషువాళ్ళు కొట్లు పెట్టారు. అంటే ఒకే ఊళ్ళో నేతగాడు పొద్దున ఒక దొరకి, సాయంత్రం ఇంకో దొరకి బట్ట చూపించుకోవచ్చన్నమాట. బేరం బాగుండేదా అంటే, ఇద్దరూ బయానాలిచ్చి మగ్గాన్ని కట్టిపడేసేవాళ్ళే. లాభం లేదని ఫ్రెంచివాళ్ళు 1727లో యానాం వదిలిపోయి, మళ్ళీ 1731లో వచ్చారు.

1753లో మన హైదరాబాదు నవాబు సలాబత్ జంగ్ బుస్సీ దొర సైన్యానికి జీతాల కింద కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు సర్కార్లు నాలుగూ ఫ్రెంచివాళ్ళ చేతుల్లో పెట్టాడు. నాలుగేళ్ళు తిరక్కముందే, 1757 జనవరిలో, ఆ బుస్సీ ఫిరంగులే బొబ్బిలి కోటని కూల్చాయి. ఆ కోటలో ఆడవాళ్ళ గతి ఏమయిందో మన బుర్రకథల వాళ్ళు చెప్పగా విన్నవాళ్ళమే కదా. మరుసటేడు డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు. 1759లో మచిలీపట్నమూ పోయింది. యానాం మాత్రం దాగుడుమూతలాటలో పిల్లలా ఇటు చేజిక్కడం, అటు తిరిగి ఇవ్వడం. ఐరోపాలో వాళ్ళకీ వీళ్ళకీ యుద్ధం వస్తే ఇంగ్లీషువాళ్ళు పట్టుకోవడం, సంధి అయితే వదలడం. చివరికి 1814 పారిస్ సంధితో ఊరు ఫ్రెంచివాళ్ళకే ఖాయమయింది. కోటలు కట్టరాదు, పోలీసు పనికి చాలినంత మందిని మించి సిపాయిల్ని ఉంచరాదు అని షరతు. కోట లేని, సైన్యం లేని ఆ ఊరికి మిగిలింది ఒక్క హద్దే.

ఆ హద్దు ఏమేం పనులకి వచ్చిందో చూడండి. గుడ్డ వ్యాపారం సన్నగిల్లాక మనుషుల్నే ఓడలెక్కించారు. 1828లో యానాం నుంచి తెలుగు కూలీలు బూర్బొన్ దీవికి, అదే ఇప్పటి రీయూనియన్ దీవికి, చెరుకు తోటల పనికి పోయారు. అక్కడ బానిసత్వం రద్దయింది 1848లో, వీళ్ళు అంతకు ఇరవై ఏళ్ళ ముందే పోయారు. పక్క రేవు కోరంగి నుంచి బర్మా పోయిన మనవాళ్ళకి అక్కడ ‘కోరంగీలు’ అనే పేరే స్థిరపడింది. ఆ కోరంగి మహా రేవు, ఓడలు కట్టిన ఊరు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో ఒకసారి సముద్రం వచ్చి ఊడ్చేసింది. ఇప్పుడక్కడ చూడాల్సింది మడ అడవి. నీళ్ళలోంచి గుచ్చిన మేకుల్లాగ ఊపిరివేళ్ళు పైకి లేచి ఉంటాయి. 1978 నుంచీ ప్రభుత్వం దాన్ని వన్యప్రాణులకి రక్షణ స్థలం చేసింది.

ఇక నేను చెప్పదలుచుకున్న అసలు సంగతికి వస్తాను.

1988లో మా ఆడబిడ్డ కొడుకు ఉపనయనానికి కాకినాడ వెళ్ళాం. అత్తమ్మకి అప్పుడు అరవై రెండేళ్ళు. అంతా అయ్యాక అత్తమ్మ నన్ను పక్కకి పిలిచి, “అమ్మాయ్, నన్నోసారి యానాం తీసికెళ్తావా?” అంది. ఎప్పుడూ ఏదీ కావాలని అడగని మనిషి. బస్సెక్కి వెళ్ళాం. గీత గీసినట్టున్న వీధులు, 1846లో కట్టిన చర్చి, మీసాల వెంకన్న గుడి. స్వామికి మీసాలేమిటని నేను నవ్వబోతే, “తప్పు, దండం పెట్టు” అని కసిరింది.

తరవాత ఒక వీధి, ఇంకో వీధి, మళ్ళీ మొదటి వీధి. ఎవరిల్లు వెతుకుతోందో చెప్పదు. ఎండకి నా ప్రాణం విసిగి అడిగేశాను. “ఇక్కడే ఎక్కడో నా పెళ్ళయిందే” అంది.

పదేళ్ళకు పైగా ఒక ఇంట్లో ఉన్నాం, ఆ ముక్క నాకు తెలియదు! కాకినాడలో పెళ్ళి అనే అనుకున్నాను.

మీలో పెద్దవాళ్ళకి శారదా చట్టం గుర్తుండే ఉంటుంది. శారద అంటే సరస్వతీదేవి కాదండోయ్, హర్‌బిలాస్ శారదా అనే పెద్దమనిషి తెచ్చిన చట్టం. 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే నెల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జుల్మానా. అది బ్రిటిషు ఇండియాకే. మన నిజాం రాజ్యానికి వర్తించదు, ఫ్రెంచి యానాంకీ వర్తించదు. ఇంకేముంది, గోదావరి జిల్లాల నుంచీ ఆపై నుంచీ ఎడ్లబండ్ల మీదా పడవల మీదా పెళ్ళివారు యానాం దారి పట్టారు. ఊరంతా పందిళ్ళే. ఇళ్ళు అద్దెలకిచ్చేవాళ్ళకీ, పురోహితులకీ, వంటవాళ్ళకీ, మేళగాళ్ళకీ చేతినిండా పని. కల్యాణపురం అనే పేరు కూడా వచ్చింది ఆ ఊరికి.

ఫ్రెంచివాళ్ళు ఎందుకు ఊరుకున్నారంటే, 1819లోనే వాళ్ళొక ఉత్తర్వు వేసి, ఇక్కడి వాళ్ళ వ్యవహారాలు ఇక్కడి ఆచారాల ప్రకారమే తీరుస్తామన్నారు. 1881లో ఇంకొకటి వేసి, ఆచారం వద్దనుకున్న వాళ్ళు పత్రం రాసిచ్చి ఫ్రెంచి చట్టం కిందికి రావచ్చునన్నారు. ఫ్రెంచి చట్టంలో ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండాలి! అంటే శారదా చట్టం కంటే ఒక ఏడు ఎక్కువే. ఆ చట్టం ఊళ్ళోనే ఉంది, పెళ్ళివారికి అక్కర్లేదు అంతే. ఇంకో వింత వినండి. అదే 1881లో, డిసెంబరు 11న, అదే గోదావరి మీద రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారు.

అత్తమ్మ పెళ్ళి 1934లో. తనకి ఎనిమిదేళ్ళు, అక్కకి పది. బండి ఖర్చూ పందిరి ఖర్చూ కలిసొస్తాయని ఇద్దరికీ ఒకే ముహూర్తం. అత్తమ్మకి ఏం జ్ఞాపకం అంటే, సుంకం చావిడి దాటగానే బండిలో పెద్దవాళ్ళంతా గట్టిగా మాట్లాడ్డం మొదలుపెట్టారట, అప్పటిదాకా గుసగుసలే. ఎర్రటోపీ పోలీసుని చూసి భయపడి అక్క వెనక దాక్కుందట. పుదుచ్చేరి పోలీసులకి ఆ ఎర్రటోపీ ఇప్పటికీ ఉంది. విస్తట్లో పూర్ణం బూరెలు, నేతి గిన్నె, కంద బచ్చలి కూర, గుమ్మడికాయ దప్పళం వరసగా చెప్పింది. మామగారి మొహం ఎలా ఉందత్తమ్మా అంటే, “ఎవరు చూశారే, నిద్ర ముంచుకొచ్చేసింది. నాన్న ఎత్తుకుని కూచోబెట్టాడు” అంది.

“మరి పెద్దమ్మగారో?”

అక్క మెలకువగానే ఉందట. మంగళసూత్రం బరువుగా ఉందని అందిట.

రెండేళ్ళు తిరక్కుండానే ఆవిడ పెనిమిటి విషజ్వరంతో పోయాడు. ఆవిడకి పన్నెండేళ్ళు. కాపురానికి వెళ్ళనేలేదు. ఆ తరవాత జరిగినవన్నీ, తల సంగతీ, తెల్లచీరా, నాకంటే మీకే బాగా తెలుసు, మీ ఇళ్ళల్లోనూ అలాంటి ఒక పెద్దమ్మో నానమ్మో ఉండే ఉంటారు. యాభై ఏళ్ళు పుట్టింటి వంటింట్లో గడిపింది. ఆ పనసపొట్టు కూరకి ఆవ ఎంత నూరాలో అత్తమ్మకి నేర్పింది ఆవిడే, అత్తమ్మ నాకు నేర్పింది.

అత్తమ్మకి ఒక అనుమానం ఉండేది. చట్టానికి విరుద్ధంగా చేసిన పెళ్ళి కదా, అక్కది అసలు పెళ్ళేనా? కాకపోతే ఆ వైధవ్యం ఎందుకు మోయాల్సొచ్చింది? ఇంటికొచ్చాక తెలిసిన ప్లీడరు గారిని అడిగాను. శారదా చట్టం పెళ్ళి చేసినవాళ్ళని శిక్షిస్తుందే కాని పెళ్ళిని రద్దు చెయ్యదన్నారు. యానాం పోయినా, ఇంట్లోనే చేసినా తాళి తాళే. పోలీసులు తమంతట తాము వచ్చి పట్టుకునేదీ కాదట, ఎవరో ఒకరు కోర్టుకెక్కి, హామీ సొమ్ము కట్టి, ఏడాది లోపల ఫిర్యాదు చెయ్యాలట. ఈ వెయ్యి రూపాయల భయానికే అంత ప్రయాణం. 1938లో చట్టాన్ని సవరించి, బ్రిటిషు ప్రజలు ఇండియాలో ఏ మూల చేసినా వర్తిస్తుందన్నారు. అత్తమ్మ ఇదంతా విని, “నాలుగేళ్ళు ముందు చెయ్యకూడదూ ఆ సవరణేదో” అంది. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఊరు మన దేశంలో కలిసిన కథ క్లుప్తంగా చెప్తాను. యానాం బిడ్డే అయిన దడాల రఫేల్ రమణయ్య పుదుచ్చేరిలో పోలీసు ఉద్యోగం వదిలి ఉద్యమంలోకి దిగాడు. 1954 జూన్ 13న జనాన్ని వెంటేసుకుని వచ్చి ఊరిని స్వాధీనం చేసుకున్నాడు. నవంబరు ఒకటిన నాలుగు ఫ్రెంచి స్థావరాల పాలనా మన ప్రభుత్వానికి వచ్చింది. ఒడంబడిక 1956లో రాసుకుంటే ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించి అది అమలయ్యేసరికి 1962 ఆగస్టు అయింది. ఆంధ్ర రాష్ట్రం పక్కనే ఉన్నా యానాం అందులో కలవలేదు, అందువల్ల హద్దు అలాగే మిగిలింది. దాని వాడకమూ మిగిలింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో మొదలుపెట్టిన పోరాటం పెరిగి పెరిగి 1995లో మద్యనిషేధం వస్తే, మందుబాబులు యానాం బస్సులెక్కారు. 1997లో నిషేధం సడలించేదాకా అదే తంతు.

తిండి గురించి చెప్పకపోతే మా ఆయన ఊరుకోరు. యానాం అంటే పులస. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలస, ఏమంత గొప్ప లేదు. వానాకాలం గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ప్రవాహానికి ఎదురీదుకుంటూ పైకి వస్తుంది, అప్పుడు పులస అవుతుంది. పుస్తెలమ్మయినా పులస తినాలని సామెత. (ఎవరి పుస్తెలో మాత్రం చెప్పరు!) యానాం రేవులో వేలం పాడి అమ్ముతారు, ఒక్క చేప వేలల్లో పలుకుతుంది. మేం తినం కాబట్టి రుచి చెప్పలేను. పక్కన నిలబడ్డ బెస్తవారి ఆడమనిషిని అడిగి చేసే తీరు మాత్రం తెలుసుకున్నాను. మట్టిదాకలో చింతపండు పులుసు, బెండకాయలు, సన్నని సెగ, గరిటె పెట్టకూడదు, దాకనే పట్టుకుని తిప్పాలి. ఆ రోజు తినకూడదట, మర్నాడే రుచి. “ఓపిక లేనోళ్ళకి ఇది కాదు తల్లీ” అంది. ఇదంతా అత్తమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని శ్రద్ధగానే విన్నది.

ఆనాడు మేం అవతలి ఒడ్డు ఎదుర్లంకకి పంటు మీద దాటాం. అత్తమ్మ నీళ్ళలోకి చూస్తూ, “ఇవి మనూరి నీళ్ళేనా?” అంది. మనూరంటే కాకినాడ కాదు, వరంగల్లు. ఏటూరునాగారం మీదుగా వచ్చినవే అన్నాను.

ఇప్పుడు పంటు అక్కర్లేదు. 2002లో బాలయోగిగారి పేర వంతెన వచ్చింది. ఏటి ఒడ్డున ఈఫిల్ గోపురాన్ని తలపించే ఇనుప గోపురం కూడా కట్టారు, పిల్లలకి బాగుంటుంది. ఎవరికైనా వెళ్ళాలనుంటే వరంగల్లులో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కాకినాడ, అక్కణ్ణుంచి యానాంకి బస్సులు తరచుగా ఉంటాయి. శ్రావణంలో అయితే ఏటి నిండా ఎర్రనీరు చూడొచ్చు. మడ అడవికి పోయేవాళ్ళు పాత చెప్పులు వేసుకుని వెళ్ళండి, ఆ బురద ఒకపట్టాన వదలదు.