ఖరగ్‌పూర్ కర్మాగారంలో విద్యుత్ విద్య

తూర్పు భారతదేశంలో తెలుగువారి వలసల చరిత్రను పరిశీలించేవారికి ఖరగ్‌పూర్ విస్మరింపరాని పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్ది ముగింపు నాటికి ఇక్కడ రైలు కూడలిని, అనంతరం దానిని ఆనుకొని కర్మాగారాన్ని అభివృద్ధి చేసింది. 1902లో కటకం నుండి వాల్తేరు వరకు గల మార్గం అదే కంపెనీ అధీనంలోకి వచ్చింది. ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుండి జీవనోపాధికై బయలుదేరినవారికి ఆ మార్గమే దారి చూపింది.

తొలి తరాలకు వృత్తి నేర్వడమంటే అనుభవజ్ఞుడైన మేస్త్రీ పక్కన నిలిచి, చూసి, చేయి తిప్పుకోవడమే. నైపుణ్యం అబ్బేది గాని దానికి ఋజువుగా చూపగల పత్రం ఉండేది కాదు. ఉద్యోగం నిలవడం యాజమాన్యపు దయపై ఆధారపడేది. 1927లో తొలగింపులకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్ కార్మికులు పోరాడారు. బరంపురంలో జన్మించి, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఆనాటి రైల్వే కార్మికోద్యమ నాయకులలో ప్రముఖులు.

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం శిక్షణకు ఒప్పందపత్రాన్ని, నిర్ణీత కాలాన్ని, నెలసరి భృతిని, చివర పరీక్షను, ధ్రువపత్రాన్ని సమకూర్చింది. 1960ల చివర హౌరా–ఖరగ్‌పూర్ మార్గం విద్యుదీకరణ పొందడంతో ఎలక్ట్రీషియన్ వృత్తికి ప్రాధాన్యం హెచ్చింది. సరఫరా ఆపి, ఆగినదని పరీక్షించిన పిమ్మటే తీగపై చేయి వేయాలన్నది ఈ విద్యలో తొలి పాఠం. ఆపైన రైలుపెట్టెల దీపాలు, పంకాల వైరింగు, బ్యాటరీల సంరక్షణ, ఇరుసు తిరుగుడుతో విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటరు, మోటారు చుట్టలు తిరిగి చుట్టడం, మెగ్గరుతో ఇన్సులేషన్ పరీక్ష క్రమంగా నేర్వవలసినవి.

అయితే శిక్షణ ముగించినవారికి ఉద్యోగమివ్వడం యజమాని విధి కాదని అదే చట్టం 22వ విభాగం పేర్కొన్నది. ఇతర అర్హతలు సమానమైనప్పుడు శిక్షితులకు ప్రాధాన్యమివ్వాలని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2014 సవరణ, ఈ విషయంలో ప్రతి యజమాని తన విధానాన్ని తానే రూపొందించుకోవాలన్నది. రైల్వేశాఖ లెవెల్-1 ప్రత్యక్ష నియామకాలలో 20 శాతం స్థానాలను తన సంస్థలలో శిక్షణ పొందినవారికి కేటాయించింది. తక్కినవారు ధ్రువపత్రంతో బయటి మార్కెట్టులో పని వెదుక్కోవలసిందే.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించడానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువారి భాషకు లభించిన ఈ గుర్తింపు సంతోషకరం. తాతలు దయపై ఆధారపడిన చోట మనుమల చేతికి ధ్రువపత్రం వచ్చింది. ఆ పత్రం ఉపాధికి హామీ కాగలిగిననాడే ఈ శతాబ్దపు ప్రస్థానం సార్థకమవుతుంది.