పొగ పరుచుకున్న పొద్దున పొరుగూరి రేడియో

శీతకాలం తెల్లవారుజామున తిరువూరు చుట్టుపక్కల పొలాల్లో చలిమంట వేస్తే, గాలి లేనప్పుడు పొగ పైకంటా పోదు. తాటిచెట్టంత ఎత్తు లేచి, ఏదో అడ్డం తగిలినట్టు ఆగి, చాపలా పరుచుకుంటుంది. ఎఫ్ఎం రేడియోలో ఎన్నడూ పలకని ఊళ్లు పలికేది కూడా ఇలాంటి పొద్దుల్లోనే. రేడియో చరిత్రను మామూలుగా స్టేషన్లున్న నగరాల వైపు నుంచి చెప్పుకుంటాం. స్టేషను లేని ఊరి వైపు నుంచి చెబితే అందులో సగం వాతావరణం కథే.

మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని తిరువూరు పొలిమేరలు దాటితే నిజాం ఇలాకా. అక్కడి దక్కన్ రేడియో హైదరాబాదు నుంచి పలికేది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చాక తెలుగు రేడియో ఇంటి మనిషైంది. ఆ మీడియం వేవ్ అల నేలను అంటిపెట్టుకుని సాగుతుంది కనుక ఉషశ్రీ ‘ధర్మసందేహాలు’ కార్యక్రమం పట్టపగలే ఊరూరా వినబడేది. పొద్దుగూకాక సంగతి వేరు. దూరపు స్టేషన్లు ఒకదానిమీద ఒకటి ఎక్కివచ్చేవి. ఇక షార్ట్‌వేవ్ మీద రేడియో సిలోన్ పాటలు సముద్రం దాటి వచ్చేవి. వీటికి దారి చూపింది ఆకాశంలోని అయనోవరణమనే విద్యుత్ పొర. అలాంటి పొర ఉండాలని 1902లో కెనెలీ, హెవిసైడ్ ఊహించారు. 1924లో యాపిల్టన్ ప్రయోగంతో రుజువు చేశాడు.

ఎఫ్ఎం వచ్చి ఈ దూరాలను కత్తిరించింది. మన దేశంలో అది 1977లో మద్రాసులో మొదలైంది. 1989లో కొత్తగూడెంలో స్థానిక కేంద్రం వెలిసింది. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ అలలు మామూలుగా అయనోవరణాన్ని చీల్చుకుని పైకి పోతాయి, తిరిగి రావు. అవి అందేది దాదాపు చూపు మేరే. వంద మీటర్ల టవరు, పది మీటర్ల ఎత్తున ఏరియల్ ఉంటే లెక్క ప్రకారం సుమారు 54 కిలోమీటర్లు. తిరువూరికి కొత్తగూడెం ఆకాశమార్గాన 50 కిలోమీటర్లు, విజయవాడ 65 పైచిలుకు. అంటే ఊరు రెంటికీ అంచునే ఉంది. అంచున ఉన్నవాళ్లకే గాలి మార్పు ముందు తెలుస్తుంది.

మబ్బు లేని రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైన గాలి వెచ్చగానే మిగులుతుంది. ఈ తలకిందుల పొర గట్టిగా కుదిరితే, పైకి పోవలసిన అల కిందికి వంగి, నేల వంపు వెంట గొట్టంలో నీళ్లలా సాగుతుంది. సముద్రం మీద ఈ గొట్టాలు మరీ పొడుగు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బొంబాయిలోని 200 మెగాహెర్ట్జ్ రాడారుకు వెయ్యి మైళ్లకు పైగా దూరంలోని అరేబియా తీరం కనబడింది.

ఎఫ్ఎంకు ఇంకో గుణం ఉంది. ఒకే నంబరు మీద రెండు స్టేషన్లు వస్తే, మీడియం వేవ్‌లోలాగా కలగాపులగం కావు. బలమైనది రెండోదాన్ని మింగేస్తుంది. విజయవాడ, విశాఖ, హైదరాబాదు మూడుచోట్లా రేడియో మిర్చి 98.3 మీదే ఉంది. పాట వింటే తేడా తెలియదు. పట్టిచ్చేది వ్యాపార ప్రకటన. విజయవాడ బీసెంట్ రోడ్డు దుకాణం రావలసిన చోట విశాఖ జగదాంబ సెంటర్ దుకాణం వచ్చిందంటే, ఆ అల 280 కిలోమీటర్లు నడిచి వచ్చిందన్నమాట.

అరుదైన దారి ఇంకొకటి ఉంది. నేలకు సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున అప్పుడప్పుడు పల్చని, దట్టమైన విద్యుత్ పొర ఏర్పడి, ఎఫ్ఎం అలను సైతం వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల అవతల దించుతుంది. ఆ ఎత్తుల్లో జరిగే కదలికలను తిరుపతి దగ్గరి గాదంకి రాడారు 53 మెగాహెర్ట్జ్ మీద 1990ల నుంచీ గమనిస్తోంది.

ఇప్పుడు ఫోనులో ఏ ఊరి రేడియో అయినా ఏ వేళైనా వస్తుంది. దానికి చలితో, మంచుతో పని లేదు. ఏరియల్ లాగి పెట్టుకున్నవాడికి మాత్రం ఇంకా గడువుంది. ఎండ ఎక్కి నేల వెచ్చబడగానే పొర చెదురుతుంది. చలిమంట పొగ మళ్లీ పైకి లేచే వేళకు జగదాంబ సెంటర్ పోయి, గరగరల మధ్య బీసెంట్ రోడ్డు తిరిగొస్తుంది.