పెట్రోలు పీడనము: దానిని అదుపు చేసిన కథ

పెట్రోలు అందకున్నచో మోటారు ఇంజను ఆగిపోవునని అందరికిని తెలిసినదే. పెట్రోలు మితము మీరినను ఆగిపోవునన్న సంగతి అంతగా తెలియదు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. ఈ నిష్పత్తి మిక్కిలి తప్పినచో మిశ్రమము అంటుకొనదు. కనుక పెట్రోలును ఇంజనుకు చేర్చుట ఎంత ముఖ్యమో, మితము తప్పకుండ చేర్చుటయు అంతే ముఖ్యము. ఆ మితము చాలవరకు గొట్టములోని పీడనముపై ఆధారపడియుండును. దానిని అదుపులో నుంచుటకు ఇంజనీర్లు చేసిన ప్రయత్నములకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు.

తొలినాటి కార్లలో పంపు లేదు. 1908లో వెలువడిన ఫోర్డు 'టి' మోడలు కారులో తొట్టి సీటు క్రింద ఉండెడిది. పెట్రోలు తన బరువుచేతనే కార్బ్యురెటరులోనికి దిగెడిది. నిటారైన కొండదారిలో, తొట్టిలో పెట్రోలు తక్కువగా నున్నప్పుడు, ఇంజను తొట్టికంటె ఎత్తున నిలిచి పెట్రోలు అందక ఆగిపోయెడిది. అప్పుడు డ్రైవర్లు కారును వెనుకకు త్రిప్పి, రివర్సు గేరులో కొండ యెక్కెడివారు!

తరువాత తొట్టిని కారు వెనుకకు మార్చి, ఇంజను ప్రక్కన పంపు నమర్చిరి. ఈ పంపులోని స్ప్రింగు ఒక పలుచని పొరను నెట్టుచు, చదరపు అంగుళమునకు సుమారు 3 నుండి 6 పౌనుల పీడనముతో పెట్రోలును కార్బ్యురెటరుకు పంపును. అచ్చట ఒక చిన్న గదిలో ఫ్లోటు తేలుచుండును. పెట్రోలు మట్టము పెరుగగనే ఫ్లోటు పైకి లేచి, సూది కవాటమును మూయును. అయితే ఫ్లోటు బలమునకు ఒక హద్దు కలదు. పంపు పీడనము ఆ హద్దు దాటెనా, సూది మూతపడదు. గది పొంగి పొరలును.

1940లో జరిగిన బ్రిటను గగన యుద్ధమున ఇట్టి లోపమే వైమానికుల ప్రాణముల మీదికి వచ్చెను. స్పిట్‌ఫైరు, హరికేను విమానములలో రోల్స్-రాయిస్ మెర్లిన్ ఇంజనులుండెను. వైమానికుడు విమానపు ముక్కును హఠాత్తుగా క్రిందికి దించగనే ఇంజను తడబడి శక్తిని కోల్పోయెడిది. జర్మనుల మెస్సర్‌ష్మిట్ 109 విమానములోని డైమ్లర్-బెంజ్ ఇంజనుకు ఈ చిక్కు లేదు. అందు పెట్రోలు నేరుగా సిలిండర్లలోనికి చిమ్మబడుచుండెను. కనుక జర్మను వైమానికుడు తిన్నగా క్రిందికి దూకి తప్పించుకొనెడివాడు. వెంటాడు బ్రిటిషు వైమానికుడు తన విమానమును ముందు దొర్లించి, ఆ పిదప దిగవలసి వచ్చెడిది. ఆలోగా శత్రువు దూరమయ్యెడివాడు.

ఈ లోపమునకు రెండు దశలు కలవు. విమానము ముక్కు వంచగనే గదిలోని పెట్రోలు పైకప్పునకు ఎగసి, ఇంజనుకు క్షణకాలము పెట్రోలు అందదు. ఇది మొదటి దశ. ఆ వెంటనే ఫ్లోటు పట్టు తప్పి, సూది కవాటము పూర్తిగా తెరచుకొనును. పంపు తన శక్తినంతయు చూపి గదిని ముంచివేయును. అప్పుడు పెట్రోలు అతిగా చేరి, ఇంజను ఉక్కిరిబిక్కిరియగును. ఈ రెండవ దశయే ఎక్కువ ప్రమాదకరము.

దీనికి ఉపాయము కనుగొన్నది ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంటులో ఇంజనీరైన బియాట్రిస్ షిల్లింగ్ (1909-1990). ఈమె మాంచెస్టరు విశ్వవిద్యాలయమున చదివినది. 1934లో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై నార్టన్ మోటారు సైకిలును గంటకు 106 మైళ్ల వేగముతో నడిపినది. ఆమె ఆలోచన సులభమైనది. ఇంజను పూర్తి శక్తితో నడుచునప్పుడు ఎంత పెట్రోలు కావలెనో అంతకు మించి గొట్టము గుండ పోకుండ చేసిన చాలును. కవాటము తెరచుకొన్నను గది మునగదు. ఇందులకై నడుమ రంధ్రము గల చిన్న ఇత్తడి తునకను ఆమె రూపొందించినది. 1941 తొలి నెలలలో దానిని విమానాశ్రయములలోనే బిగించిరి. విమానములను కర్మాగారమునకు పంపు పని లేకపోయెను. మొదటి దశలోని తడబాటు దీనితో పోలేదు. అది పూర్తిగా తొలగుటకు ఫ్లోటు లేని కొత్త కార్బ్యురెటర్లు రావలసివచ్చెను. అయినను ఇంజను మునిగి ఆగిపోవు ప్రమాదము తప్పినది.

యుద్ధానంతరము కార్లలోనికి ఇంజెక్షను పద్ధతి ప్రవేశించెను. 1967లో బాష్ సంస్థవారి డి-జెట్రోనిక్ ఫోక్స్‌వాగన్ 1600 కారులో వెలువడెను. ఇందు సన్నని ఇంజెక్టరు కొన్ని వేయవవంతుల సెకనుల కాలము తెరచుకొని పెట్రోలును చిమ్మును. ఎంతసేపు తెరవవలెనో ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయించును. పెట్టె లెక్కించునది కాలమునే. కనుక పీడనము స్థిరముగా నుండవలెను. రంధ్రము గుండ పోవు ద్రవము పీడనపు వర్గమూలమును అనుసరించి పెరుగును. పీడనము రెట్టింపైనచో ప్రవాహము సుమారు 41 శాతము హెచ్చును.

ఈ స్థిరత్వమును కాపాడునది రెగ్యులేటరు. పంపు ఎల్లప్పుడు అవసరమునకు మించిన పెట్రోలును తెచ్చును. స్ప్రింగుతో బిగించిన పొర కొంచెము తొలగి, మిగులు పెట్రోలును తిరుగు గొట్టము ద్వారా తొట్టికి పంపును. తరువాత వచ్చిన ఎల్-జెట్రోనిక్‌లో ఆ పొర వెనుక భాగమును ఇంజను గాలి గొట్టముతో కలిపిరి. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు అచ్చటి పీడనము బయటి గాలికంటె తక్కువ. ఆ మేరకు పెట్రోలు పీడనమును తగ్గించి, ఇంజెక్టరుకు ఇరుప్రక్కల నుండు భేదమును సమానముగా నుంచుట దీని ఉద్దేశము.

వేగముకొరకు ఇట్టి కార్లను మార్చుకొనువారు టర్బోచార్జరుతో పాటు పెద్ద పంపును అమర్చి, తిరుగు గొట్టమును మాత్రము పాతదే ఉంచిన సందర్భములు తరచు కలవు. చిక్కు అచ్చటనే మొదలగును. పంపు ఇచ్చునది ప్రవాహమే; ఆ ప్రవాహమునకు కలుగు అడ్డే పీడనమగును. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు మిగులు పెట్రోలు మిక్కిలి యెక్కువ. సన్నని గొట్టము దానిని మోయలేదు. రెగ్యులేటరు పూర్తిగా తెరచుకొన్నను పీడనము దిగదు. పెట్రోలు వాసన, నల్లని పొగ, మసిబారిన స్పార్కు ప్లగ్గులు కనిపించును. పొగగొట్టములోని ఆక్సిజను సెన్సరు కొంతవరకు మిశ్రమమును సరిదిద్ది లోపమును మరుగుపరచును. కాని హద్దు దాటినచో పెట్రోలు సిలిండరు గోడలపై నూనెను కడిగివేసి, ఇంజనును అరగదీయును.

కారణము కనుగొనుటకు క్రమము కావలెను. మొదట వేరొక గేజితో కొలిచి, చూపినది నిజమా యని తేల్చుకొనవలెను. పిదప ఇంజను నడుచుచుండగా రెగ్యులేటరు నుండి గాలి గొట్టమును ఊడదీసినచో పీడనము పెరుగవలెను. పెరుగకున్న, గాలి గొట్టము చీలినదో, మూసుకొనినదో, రెగ్యులేటరే పనిచేయుట లేదో చూడవలెను. ఆ గొట్టములో పెట్రోలు తడి యున్నచో లోపలి పొర చిరిగినదన్నమాట. చివరకు ఇంజను ఆపి, పంపును మాత్రము నడుపుచు, రెగ్యులేటరు నుండి వచ్చు పెట్రోలును వెడల్పైన పొట్టి గొట్టముతో తగిన డబ్బాలోనికి మళ్లించవలెను. పీడనము తగ్గినచో దోషము తిరుగు గొట్టముది. తగ్గకున్న, రెగ్యులేటరు బిగిసిపోయినది, లేదా పంపునకు చాలనిది. నిప్పు ప్రమాదము గల పని గనుక ఇది అనుభవజ్ఞుల చేతనే జరుగవలెను. తిరుగు గొట్టము లేని నేటి కార్లకును, వందల వాతావరణముల పీడనముతో నేరుగా సిలిండరులో చిమ్ము ఇంజనులకును ఈ పరీక్ష పనికిరాదు.

షిల్లింగ్ గొట్టమున చిన్న రంధ్రము నుంచి ఇంజనును కాపాడినది. మార్చిన కారులో అట్టి ఇరుకే ఇంజనును చెరుపుచున్నది. ఇరుకు ఇంజనుకు ముందున్నచో ప్రవాహము తగ్గును. మిగులు పోవు దారిలో నున్నచో పీడనము పెరుగును. గేజి ముల్లు చూపునది ఫలితమును మాత్రమే. అడ్డు ఏ చోట నున్నదో ఆలోచించినవారికే కారణము దొరకును.