నల్లగొండ, పాలమూరు సీమలలో సారస్వతసేవ

ప్రజలకు విద్య నేర్పుట ప్రభువుల పనియనియు, అందు మనకు బూనిక యక్కరలేదనియు తలచువారు పెక్కురు గలరు. కాని పాఠశాలలోని భాష యొకటియు, ఇంటిలోని భాష వేఱొకటియు నైనపుడు ప్రభువుల పాఠశాల యెంతవఱకు అక్కఱకు వచ్చును? అట్టి కాలమున ప్రజలే పూనుకొని తమ విద్యను నిలుపుకొనవలసి వచ్చును. దక్షిణ తెలంగాణమునందలి నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చరిత్రము దీనికి నిదర్శనమని మేము తలచుచున్నాము.

ఈ సీమలో పూర్వము విద్యాపోషణము లేకపోలేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములు పండితులను సత్కరించినవి. గద్వాలకు విద్వద్గద్వాల యను పేరే వచ్చినది. అయినను ఆ సత్కారములు పండితుని యింటిని జేరినవి గాని కాపువాని గుడిసెను జేరలేదు. పద్యము వర్ధిల్లినది, అక్షరము వ్యాపింపలేదు.

నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో ఉన్నతవిద్య నేర్పవచ్చునని లోకమునకు జూపినది. కాని యా భాష ఉర్దూయే కాని, రాజ్యములో నన్నిటికంటె నెక్కువమంది మాటలాడు తెలుగు కాదు. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కారసభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున నుపన్యసింపబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది.

మఱుసటి యేడు, అనగా 1922లో, షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నల్లగొండనుండి 'నీలగిరి' యను వారపత్రికను వెలువరించిరి. రాజధానిలో గాక జిల్లా పట్టణమున తెలుగు పత్రిక పుట్టుట గమనింపదగిన విషయము. సభ జరుపవలెనన్న గస్తీ నిశాన్ 53 ప్రకారము అనుమతి పొందవలసిన దినములవి. అందుచే గ్రంథాలయమే ప్రజలకు పాఠశాలయు, చావడియు నైనది. అక్షరము వచ్చినవాడు పత్రిక చదువగా రానివాడు వినెడివాడు. 1931లో రెండవ ఆంధ్రమహాసభ నల్లగొండ జిల్లాలోని దేవరకొండలో గూడుటకు ఇట్టి జాగృతియే తోడ్పడినది.

పాలమూరు సీమ కన్న బిడ్డ సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా ఆయన వాదమునకు దిగక, ఊరూరి కవుల వివరములను, పద్యములను గూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు జేరిన కవులు 354 మంది. నిందకు లెక్కతో బదులు చెప్పుట యనిన నిదియే. ఆ గ్రంథము లేకున్న అందలి పెక్కు పేళ్లు వారి గ్రామపు పొలిమేర దాటియుండవు.

ఒక్కని దీక్షతో నడచు పని యా యొక్కనితోనే ముగియవచ్చును. దానిని నిలుపుటకు సంస్థ కావలయును. 1943 మే 26వ తేదీన హైదరాబాదులో నేర్పడిన ఆంధ్రసారస్వతపరిషత్తు ఈ కొఱతను దీర్చినది. పరిషత్తు ప్రాథమిక, ప్రవేశ, విశారద యను పరీక్షలను నడపినది. బడిలో తెలుగు దొరకనివాడు ఇంట జదువుకొని పరీక్షకు గూర్చుండవచ్చును. సంస్థానములు పండితుని సత్కరింపగా, పరిషత్తు పండితుడు కాదగినవానిని వెదకినది. రెంటికిని గల భేద మిదియే. పట్టముకొఱకే చదువువారును ఇందు బయలుదేఱుదురను శంక గలదు, నిజమే. కాని పట్టమునకై పట్టిన పుస్తకమును పిదప విడువనివారును గలరు.

1953 జనవరిలో పరిషత్తు తన సప్తమవార్షికోత్సవమును తుంగభద్రాతీరమునందలి అలంపురమున జరిపినది. చాళుక్యుల నవబ్రహ్మాలయములు గల యా చిన్న పట్టణమునకు ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణగారు విచ్చేసిరి. కాళోజీ 'నా గొడవ' అచటనే శ్రీశ్రీ చేతులమీదుగా వెలువడినది. ఈ యుత్సవమునకు నడుము కట్టినవారు స్థానికులైన గడియారము రామకృష్ణశర్మగారు. రాజధానియందలి సంస్థ పల్లెకు వెళ్లుటయు, పల్లె దానిని తనదిగా నెత్తుకొనుటయు నను రెండును గలిసిననే సారస్వతసేవ ఫలించునని యలంపురము తెలిపినది.

ఆ పరిషత్తు నేడు తెలంగాణ సారస్వతపరిషత్తు అను పేర నున్నది. నిజాము లేడు, గస్తీ లేదు, సభకు తెలుగున మాటలాడిన గేలిచేయువారును లేరు. కాని బడి భాషయు ఇంటి భాషయు మఱల వేఱగుచున్నవి. నాడు ఉర్దూ నిలిచినచోట నేడు ఆంగ్లము నిలిచినది. నాడు పరులు నిర్బంధించిరి. నేడు మనమే కోరి చేర్చుచున్నాము. ఆంగ్లము వలదని మా మతము కాదు. కూటికై నేర్చు భాష యొకటి యుండవచ్చును. దానికై తల్లిభాష చదువ లేని బిడ్డను బెంచుట మాత్రము తగదు.

చదువరులు తమ గ్రామపు గ్రంథాలయము తలుపు తెఱచియున్నదో లేదో ఒకమాఱు చూచి రావలెను. ఊరిలో పద్యము చెప్పు ముసలివాని పేరు, ఆయన పద్యములు వ్రాసిపెట్టవలెను. 354 మంది కవులు ఇట్టి చిన్న పనులవలననే నిలిచిరి. తరువాతి పేరు వ్రాయవలసిన వంతు మనది.