ఋషిఋణం తీర్చుకున్న విద్యార్థులు
(ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నూరేళ్ల సందర్భంగా)

మనిషి పుట్టుకతోనే మూడు ఋణాలు మోసుకొని వస్తాడని మన పెద్దలు చెప్పారు. అవి దేవఋణం, పితృఋణం, ఋషిఋణం. మొదటి రెండూ తీర్చే దారులు మనందరికీ తెలిసినవే. మూడవది, అంటే చదువు చెప్పినవారికి మనం పడిన బాకీ, వారికే తిరిగి చెల్లించి తీర్చేది కాదు. నేర్చుకున్నదాన్ని పదిమందికీ పనికివచ్చేలా చేసినప్పుడే అది తీరుతుంది. 1926లో పుట్టి 2026తో నూరేళ్లు నిండే మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్రను ఈ దృష్టితో ఒకసారి తిరగేద్దాం. భవనాల చరిత్ర, వైస్ ఛాన్సలర్ల చరిత్ర చాలామంది రాశారు. అక్కడ చదివినవారు ఆ ఋణం ఎలా తీర్చుకున్నారన్నది చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ రోజుల్లో తెలుగువారు పట్టా పుచ్చుకోవాలంటే మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షలే రాయాలి. పైచదువు చదవాలంటే చెన్నపట్నం రైలు ఎక్కాలి. 1913లో బాపట్లలో మొదలైన ఆంధ్ర మహాసభల నాటినుంచి మనకంటూ ఒక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక బలపడుతూ వచ్చింది. ఎట్టకేలకు మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో 1926 ఏప్రిల్ 26న అది సిద్ధించింది. కేంద్రం ఎక్కడ ఉండాలన్నదానిమీద పెద్ద తగవే నడిచింది. ముందు బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు కొండమీదికి చేరింది.

మొదటి వైస్ ఛాన్సలర్ కీ.శే. కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం జరుగుతున్నప్పుడు ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా ఆయన పదవికి రాజీనామా ఇచ్చారు. తాను పెంచుతున్న సంస్థను పసితనంలోనే వదులుకోవడం చిన్న విషయం కాదు. తరువాత 1931 నుంచి 1936 వరకు డా॥ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవిలో ఉన్నారు. ఆపైన మళ్లీ రెడ్డిగారే వచ్చి 1949 వరకు నడిపారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చి సైన్సు కళాశాలకు ఊపిరి పోశారు. 1930లలో లక్ష రూపాయలంటే ఎంతో ఈ తరం పిల్లలకు మనమే చెప్పాలి.

పదహారేళ్లు నిండకముందే విశ్వవిద్యాలయానికి పెద్ద గండం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీద బాంబులు వేశాయి. భవనాలు సైన్యం చేతికి వెళ్లాయి. తరగతులు గుంటూరుకు తరలిపోయాయి. యుద్ధం ముగిసిన తరువాతే మళ్లీ వాల్తేరు చేరుకున్నాయి. ఇటువంటి రోజుల్లో చదువుకొని బయటికి వచ్చినవారు దేశానికి ఏమిచ్చారో చూడండి.

ముందుగా మన వంటింట్లోని ఉప్పు డబ్బా దగ్గరికి వెళదాం. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డా॥ ఉలిమిరి రామలింగస్వామి గారు విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పట్టాలు ఆంధ్ర విశ్వవిద్యాలయంనుంచి పొందారు. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి వచ్చాక ఆయన పేరు మోసిన డాక్టరుగా పెద్ద ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. ఆ దారి పట్టలేదు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో, ఆ తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పేదవాడి జబ్బులను పట్టుకున్నారు.

హిమాలయాల పాదాన ఉన్న కాంగ్రా లోయలో జనానికి గొంతు దగ్గర గడ్డలు ఉండేవి. దీన్నే గాయిటర్ అంటారు. నేలలో, నీటిలో అయొడిన్ లేకపోవడం దీనికి కారణం. పైకి కనిపించే గడ్డకంటే కనిపించని నష్టం పెద్దది. గర్భిణికి అయొడిన్ చాలకపోతే పుట్టే బిడ్డకు బుద్ధిమాంద్యం, చెవుడు రావచ్చు. 1956లో రామలింగస్వామి గారూ ఆయన సహచరులూ ఆ లోయను మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, మూడవదానికి మామూలు ఉప్పు అందేలా ఏర్పాటు చేశారు. కొన్నేళ్లు ఓపికగా ఊరూరా తిరిగి గొంతులు పరీక్షించారు. అయొడిన్ ఉప్పు తిన్నచోట గడ్డలు సుమారు సగానికి తగ్గాయి. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. ఆ తరువాత ఆ మూడవ భాగానికీ అయొడిన్ ఉప్పు ఇచ్చారు. 1962లో దేశవ్యాప్తంగా గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. నేడు కిరాణా కొట్లో మనం కొనే ఉప్పు ప్యాకెట్‌మీద 'అయొడైజ్డ్' అన్న మాట వెనుక ఈ కృషి ఉంది. రామలింగస్వామి గారు తరువాత అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసి 2001లో కన్నుమూశారు. ఒక వైస్ ఛాన్సలరు ఉప్పు సత్యాగ్రహం నాడు పదవి వదిలారు. ఆ విశ్వవిద్యాలయంలోనే చదివిన శిష్యతరంవాడు ఉప్పుతోనే లక్షల బిడ్డల భవిష్యత్తు కాపాడాడు.

రెండవవారు డా॥ కలియంపూడి రాధాకృష్ణారావు గారు. లోకానికి సి.ఆర్.రావుగా తెలుసు. తండ్రిగారిది పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగిన కుటుంబం చివరికి విశాఖపట్నంలో స్థిరపడింది. బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా పిల్లల బడి మార్చిన మన సభ్యులకు ఈ కష్టం వేరే చెప్పనక్కరలేదు. తల్లి లక్ష్మీకాంతమ్మ గారు తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. ఈ సంగతి ఆయనే తన పుస్తకాన్ని తల్లికి అంకితమిస్తూ రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. ప్రథమ స్థానంలో పూర్తిచేసినా వెంటనే ఉద్యోగం దొరకలేదు. యుద్ధకాలంలో సైన్యానికి సంబంధించిన కొలువుకోసం కలకత్తా వెళితే అదీ రాలేదు. ఆ ప్రయాణంలోనే అక్కడి భారత గణాంక సంస్థ సంగతి తెలిసి, 1941 జనవరిలో అందులో చేరారు.

అక్కడ పాఠం చెబుతుండగా వి.ఎం.దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు. నమూనాలు పెద్దసంఖ్యలో ఉన్నప్పుడు చెల్లే ఆ సూత్రం, కొద్ది నమూనాలే ఉన్నప్పుడు కూడా చెల్లుతుందా అని. సి.ఆర్.రావు గారు ఆ రాత్రి కూర్చుని దానికి సమాధానం సాధించి, మర్నాడు తరగతిలో చెప్పారు. చేతిలో ఉన్న సమాచారంతో వేసే అంచనా ఎంతమేరకు ఖచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే ఆ ఫలితం 1945లో అచ్చయింది. 'క్రామర్-రావు హద్దు' పేరుతో నేటికీ ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో ఉంది. అప్పటికి ఆయన పాతికేళ్ల కుర్రవాడు. శిష్యుడి ప్రశ్నను విసుక్కోకుండా తీసుకున్న గురువుకు దక్కిన ఫలం అది. భారత గణాంక సంస్థలో దాదాపు నలభై ఏళ్ల సేవ ముగిశాక, మనమంతా పెన్షను కాగితాలు సర్దుకునే వయసులో, ఆయన అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్‌లోనూ, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ మళ్లీ పాఠాలు మొదలుపెట్టారు. 2001లో పద్మవిభూషణ్ వచ్చింది. 2023లో, 102 ఏళ్ల వయసులో, గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే కీర్తిశేషులయ్యారు.

మూడవవారు మన నోటి మాటను గౌరవించినవారు. డా॥ భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్సు చదివారు. అమెరికాలో డాక్టరేటు చేసి వచ్చారు. ఇంత చదివినాయన ఏ పని ఎంచుకున్నారు? రైతు నోటినుంచి మాటలు ఏరి కూర్చారు. ఒకచోట నాగలి అంటే మరొకచోట మడక అంటారు. కాడి, మేడి, కర్రు, నొగ వంటి మాటలు, పంటల పేర్లు, పనుల పేర్లు ఊరూరా సేకరింపజేసి, ఏ మాట ఏ ప్రాంతానిదో గుర్తించి 'మాండలిక వృత్తి పదకోశం' కూర్చారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. ట్రాక్టరు వచ్చాక నాగలి మూలపడింది గానీ దాని మాటలు పోకుండా ఆ పుస్తకంలో ఉన్నాయి. ఆయన ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నెలకొల్పారు. 1986 నుంచి 1993 వరకు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 2012లో కీర్తిశేషులయ్యారు.

ఈ వరుసలో మరికొందరిని తలచుకోవాలి. తెలుగు ఎం.ఏ. ఇక్కడే చదివిన డా॥ నాయని కృష్ణకుమారి గారు పల్లె జనం పాడుకునే గేయగాథలమీద పరిశోధన చేసి, 1996లో తెలుగు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డా॥ కాకర్ల సుబ్బారావు గారు అమెరికాలో రేడియాలజీ ప్రొఫెసరుగా పేరు తెచ్చుకొని, తానా సంఘానికి మొదటి అధ్యక్షులై, 1980ల నడుమ ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు గారి పిలుపుమీద హైదరాబాదు తిరిగివచ్చారు. నిమ్స్ ఆసుపత్రికి మొదటి డైరెక్టరుగా దాన్ని నిలబెట్టారు. అక్కడ వైద్యం పొందిన పెన్షనర్లు మనలో ఎందరో ఉన్నారు.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. చదువుల తలుపులు మొదట్లో అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. ఆడపిల్లలకూ, దళితవాడల పిల్లలకూ అవి ఆలస్యంగా, ఓరగా తెరుచుకున్నాయి. అందుకే కోనసీమ లంకలోని దళిత కుటుంబంలో పుట్టి, ఇక్కడ లా చదివిన కీ.శే. జి.ఎం.సి.బాలయోగి గారు 1998లో లోక్‌సభ స్పీకరు స్థానంలో కూర్చోవడం ఒక్క మనిషి విజయం కాదు. ఇక్కడే లా చదివి విద్యార్థి నాయకుడిగా ఎదిగిన శ్రీ ఎం.వెంకయ్యనాయుడు గారు 2017 నుంచి 2022 వరకు ఉపరాష్ట్రపతిగా ఉన్నారు.

పేరుమోసినవారి మాట అలా ఉంచి, పేపర్లలో పేరు పడనివారి మాటకు వద్దాం. కాకినాడ పి.ఆర్. కళాశాల, విజయనగరం మహారాజా కళాశాల, బందరు నోబుల్ కళాశాల, గుంటూరు ఎ.సి. కళాశాల, ఇవన్నీ ఒకప్పుడు ఈ విశ్వవిద్యాలయం నీడలోనివే. అక్కడ పట్టా పుచ్చుకున్నవారే కోస్తా జిల్లాల బడుల్లో పంతుళ్లయ్యారు, తాలూకా కచేరీల్లో గుమాస్తాలయ్యారు, కాలువగట్లమీద ఓవర్సీర్లయ్యారు. 1972లో కరస్పాండెన్సు కోర్సులు మొదలయ్యాక ఇంకో తరం అందుకుంది. పగలు ఆఫీసులో ఫైళ్లు చూసి, రాత్రి పోస్టులో వచ్చిన పాఠాలు చదివి, సెలవు పెట్టి పరీక్షలు రాసి, ఆ పట్టాతో ఒక ప్రమోషను సంపాదించుకున్నవారు మన సంఘంలోనే ఉన్నారు. ఆ ప్రమోషనుతో పెరిగిన జీతంలోంచి పిల్లల ఫీజులు కట్టారు. ఆ పిల్లలు ఈనాడు ఎక్కడెక్కడో ఉన్నారు. దీన్ని ఏ చరిత్రకారుడూ లెక్కగట్టలేదు. లెక్కగట్టవలసింది మనమే.

విశ్వవిద్యాలయం కూడా తన వంతు ఋణం తీర్చుకుంది. మద్రాసునుంచి విడివడి పుట్టిన ఈ తల్లి, తన బిడ్డలకూ వేరుకాపురాలు పెట్టింది. గుంటూరు దగ్గర 1967లో తెరిచిన పి.జి. కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. ఆ తరువాత రాజమహేంద్రవరంలో 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, శ్రీకాకుళం జిల్లాలో 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చాయి. ఒకనాడు చెన్నపట్నం రైలు ఎక్కినవారి మునిమనుమలు ఈనాడు సిటీ బస్సులో పి.జి. తరగతులకు వెళుతున్నారు.

కనుక మిత్రులారా, ఈ నూరేళ్ల పండుగను వాల్తేరు కొండమీద జరిగే సభలకే వదిలేయవద్దు. ప్రతి ఇంటా ఒక పని చేయవచ్చు. పెట్టెలో అడుగున ఉన్న పాత పట్టాను, హాల్ టిక్కెట్టును, గురువుగారితో దిగిన గ్రూపు ఫోటోను బయటికి తీయండి. ఫోటో వెనుక పేర్లు రాయండి. మనం పోతే ఆ పేర్లు చెప్పేవారు ఉండరు. మీకు పాఠం చెప్పిన ఒక్క గురువు గురించి ఒక పేజీ రాసి సంఘానికి పంపండి. వీలైనవారు తమ ఊరి పేద పిల్లవాడికో, పిల్లకో ఒక పరీక్ష ఫీజు కట్టండి. ఓపిక ఉన్నవారు సాయంత్రం ఒక గంట లెక్కలో, ఇంగ్లీషో చెప్పండి. సి.ఆర్.రావు గారు ఉద్యోగ విరమణ తరువాత కూడా పాఠాలు చెప్పారని గుర్తుంచుకుందాం.

పెన్షను మనం చేసిన సేవకు ప్రభుత్వం ఇచ్చేది. మనకు దక్కిన చదువుకు మనం ఇవ్వవలసింది ఇంకా బాకీ ఉంది. ఉన్న రోజుల్లోనే ఆ బాకీలో కొంతైనా తీర్చుకొందాం.