అసియెండా, ఫజెండా: పని నుంచి ఎస్టేటు దాకా

స్పానిష్‌లో అసియెండా, పోర్చుగీసులో ఫజెండా. రెండింటికీ మూలం ‘చేయవలసిన పనులు’ అనే అర్థమున్న లాటిన్ మాట ‘ఫకియెండా’. మన సభల్లో వినిపించే ‘ఎజెండా’ పుట్టింది కూడా లాటిన్‌లో ఈ తీరునే. మాట మొదటి ‘ఫ’ స్పానిష్‌లో ‘హ’గా సన్నగిల్లి, చివరికి నోట పలకకుండా రాతకే మిగిలింది. పోర్చుగీసు దాన్ని వదల్లేదు.

మధ్యయుగాల స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యంలో ఈ మాటకు పొలంతో పెద్దగా సంబంధం లేదు. వ్యవహారం, చక్కబెట్టాల్సిన పని అనే అర్థంలో వాడేవారు. పని నుంచి ఆస్తికి, ఆస్తి నుంచి రాజుగారి ఖజానాకు అర్థం పాకింది. నేటికీ స్పెయిన్‌లో అసియెండా నుంచి ఉత్తరం వచ్చిందంటే పన్నుల శాఖ తాఖీదు అన్నమాటే. బ్రెజిల్ ఆర్థిక శాఖ పేరులోనూ ఫజెండాయే ఉంది. వర్తకుడి సరుకు అనే అర్థం మీదుగా పోర్చుగీసులో బట్టకూ ఆ పేరే వచ్చింది. అర్జెంటీనాలో మాత్రం అసియెండా అంటే పశువులు. అవి మేసే పెద్ద క్షేత్రం ‘ఎస్టాన్సియా’.

పెద్ద భూస్వామి ఎస్టేటు అనే అర్థానికి లోకప్రసిద్ధి తెచ్చింది అమెరికా ఖండం. మెక్సికోలో అసియెండా అంటే దాదాపు ఒక ఊరు: దొర బంగళా, చర్చి, ధాన్యపు కొట్లు, కూలీల గుడిసెలు. వీటన్నిటికంటే కీలకం ‘తియెందా దె రాయా’ అనే దుకాణం. చాలాచోట్ల కూలి డబ్బుగా కాక ఆ దుకాణంలోనే చెల్లే బిళ్లలుగా ముట్టేది. మొక్కజొన్న, బట్ట, సారా అక్కడే అరువు. అప్పు తీరందే కదలడానికి లేదు. అయితే అన్ని చోట్లా ఒకే తీరు కాదు. కూలీలు దొరకని ఉత్తరాన ఈ పట్టు సడలేది; నార పండించే యుకటాన్‌లో వెట్టికి తక్కువేం కాదు.

మెక్సికోలోని మొరెలోస్ రాష్ట్రంలో చెరకు అసియెండాలు ఊళ్ల భూమినీ నీటినీ మింగేశాయి. రైతు నాయకుడు జపాటా తిరుగుబాటుకు, లాక్కున్న భూములు తిరిగివ్వాలన్న 1911 నాటి ఆయన అయాలా ప్రణాళికకు మూలం అదే. 1917 రాజ్యాంగం 27వ అధికరణం భూపంపిణీకి దారి తీసింది. 1934-40 మధ్య అధ్యక్షుడు కార్డెనాస్ దాదాపు 1.8 కోట్ల హెక్టార్లు పంచాడు.

బ్రెజిల్ కాఫీ ఫజెండాలు బానిసల చెమటతో నడిచాయి. బంగళా ఎదుట గింజలు ఆరబోసే విశాలమైన కల్లం ‘తెరేరు’, బానిసల వసతి ‘సెంజాలా’. 1888లో బానిసత్వం రద్దయ్యే సమయానికే సావో పాలో తోటల్లోకి ఇటలీ వలస కుటుంబాలు దిగసాగాయి. నేడు బ్రెజిల్‌లో చిన్నకారు రైతు పొలాన్ని ‘సీతియు’ అంటారు. ఫజెండా అంటే పెద్ద కమతమే.